ఓడలో వచ్చిన మా లారీ

నరసరావుపేట నుంచి నకరికల్లు వైపు వెళ్ళే రోడ్డు పక్కన మా ఊరు. రోడ్డును ఆనుకునే మా దొడ్డి. అందులో గొడ్లపాక పక్కన రేకుల పందిరి ఒకటి ఉండేది. మా తాత కొన్న లారీ కోసం వేసిన పందిరి అది.

ఇప్పటి లారీల్లా దాని ముఖం చదునుగా ఉండేది కాదు. ముందుకు పొడుచుకొచ్చిన బానెట్టు, దానికి రెండు పక్కలా గిన్నెల్లాంటి లైట్లు, వెనక చెక్కతో చేసిన కాబిన్. తలుపులకు అద్దాలు లేవు. వానొస్తే దించుకోవడానికి పట్టా ముక్కలు కట్టి ఉండేవి. కాబిన్ నుదుటి మీద ఏ పెయింటరో వేసిన తామరపువ్వు సగం చెరిగిపోయి, చూసేవాళ్ళకు కాలీఫ్లవర్‌లా కనిపించేది. మాచర్ల నాపరాళ్ళు మోసింది, మిరపకాయలు మోసింది, సాగర్ డ్యాం కట్టేటప్పుడు కంకర మోసింది. నాకు ఊహ తెలిసేసరికే మోయడం మానేసింది. కోళ్ళు దాని కింద గుడ్లు పెట్టేవి. మేం ఖాళీ గోతాలు దాని తొట్టిలో పడేసేవాళ్ళం. అయినా నాన్న అప్పుడప్పుడూ కొత్త డీజిలు పోసి స్టార్ట్ చేసి, దొడ్డిలో అటూ ఇటూ కదిలించి, మళ్ళీ పందిరి కింద పెట్టేవాడు.

నేను పేటలో డిగ్రీ పూర్తి చేసి టైపు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్తున్న రోజులవి. ఎనభైల నడిమి కాలం. తాత అప్పటికే లేడు. నాన్న తాత గురించి మాట్లాడేవాడు కాదు. తాత ఫోటో తుడిచేదీ, దండ మార్చేదీ నాయనమ్మే. పండగ పూట కూడా నాన్న ఆ ఫోటో ముందు నిలబడగా నేను చూడలేదు. కానీ పాత ఇనుము కొనేవాళ్ళు వచ్చి లారీ అడిగితే మాత్రం కోపంతో మీదికి వెళ్ళేవాడు. తండ్రి అంటే ఇష్టం లేని మనిషికి తండ్రి లారీ అంటే ఇంత ప్రేమేమిటో నాకు అంతుబట్టేది కాదు.

ఒకరోజు గుంటూరు నుంచి నాగార్జునసాగర్ చూడబోతున్న ఒక పెద్దమనిషి కారు టైరు మా దొడ్డి ముందు పంక్చరయింది. డ్రైవరు టైరు మారుస్తుంటే ఆయన నీళ్ళడుగుతూ లోపలికొచ్చి, లారీని చూసి, నీళ్ళ సంగతే మర్చిపోయాడు. పాత బండ్లు సేకరించడం ఆయనకు సరదా అట. పంచె మట్టి కొట్టుకుపోతున్నా లెక్క చెయ్యకుండా వంగి లారీ కింద అంతా చూశాడు.

"ఎక్కడిదండీ ఈ బండి?"

"మా నాయన మద్రాసులో కొన్నాడు. కొత్తది," అన్నాడు నాన్న.

"కొత్తదయి ఉండదండీ. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు ఇలాంటివి వేలం వేశారు. అందులోది అయ్యుంటుంది. ఇంజను కూడా దీనిది కాదుగా."

"ఇంజను మార్చింది నిజమే. పెట్రోలు పోయలేక డీజిలుది పెట్టించాడు. బండి మాత్రం కొత్తది."

ఆయన నవ్వాడు. "మీరు నమ్మినా నేను నమ్మినా లాభం లేదు. ఇది ఇంగ్లండు బండి. తయారుచేసిన ప్రతి బండికీ అక్కడి ఫ్యాక్టరీలో ఒక కార్డు రాసి దాచిపెడతారు. చాసిస్ నంబరు రాసి పంపితే వాళ్ళే చెబుతారు, ఎప్పుడు పుట్టిందో, ఎక్కడికి పోయిందో. రాసి చూడండి."

ఆయన వెళ్ళిపోయాడు గానీ నాన్న మనసులో ఆ మాట ఉండిపోయింది. అన్నం తింటూ తనలో తను "వేలం బండంట!" అనుకున్నాడు. వడ్డిస్తున్న నాయనమ్మకు వినపడింది.

"వాడెవడో ఏదో అన్నాడని నీకెందుకురా? నేను కళ్ళారా చూశా గదా. మద్రాసు నుంచి వచ్చిన రోజు బండికి కాబినే లేదు. డ్రైవరు చెక్కపెట్టె మీద కూచ్చుని తోలుకొచ్చాడు. రంగు కూడా లేదు, బూడిద పూసినట్టుండింది. ఊళ్ళో వాళ్ళు దాన్ని బూడిదబండి అన్నారు."

"కాబిన్ లేకుండా లారీ ఎట్టా వస్తదమ్మా? నువ్వు దేన్నో చూసి దేన్నో అంటున్నావ్."

"సరే, నాకు మతి పోయిందిలే," అని నాయనమ్మ మజ్జిగ పోసింది.

ఆ సాయంత్రం నాన్న నన్ను పిలిచాడు.

"అమ్మాయ్, నీ టైపు యాడిదాకా వచ్చింది?"

"లోయర్ పరీక్ష రాయబోతున్నా నాన్నా."

"ఇంగ్లీషులో ఒక ఉత్తరం కొట్టాల."

చాసిస్ నంబరు పట్టుకోవడానికి పేట నుంచి మేస్త్రి వచ్చాడు. పల్నాడు రోడ్డులో ఆయనకు లారీల షెడ్డు ఉండేది. వాళ్ళ నాన్న కూడా అదే పని చేసేవాడు. మా ఇంటికి రెండు తరాలుగా అలవాటైన మనుషులు. ఆయన నాన్నను అన్నా అనేవాడు, నేను ఆయన్ను బాబాయ్ అనేదాన్ని. ముందు చక్రం వెనక ఇనుప దూలం మీద దశాబ్దాల మడ్డి పేరుకుపోయి ఉంది. బాబాయ్ కిరసనాయిలు పోసి, వైరు బ్రష్షుతో గీకి గీకి, గుడ్డతో తుడిచాడు. సన్నగా అంకెలు బయటపడ్డాయి.

"కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దు పాపా. అచ్చు దిగుద్ది. కళ్ళతో చూసి రాసుకుంటే మూడును ఎనిమిదంటాం."

నేను బండి కింద వెల్లకిలా పడుకుని టైపు కాగితం అదిమిపట్టి పెన్సిలు రుద్దాను. నల్లటి పూతలో తెల్లగా అంకెలు లేచాయి. పుట్టినప్పటినుంచీ ఆ లారీ చుట్టూ ఆడుకున్న దాన్ని, దానికొక నంబరు ఉందని ఆ రోజే చూశాను.

చిరునామా మాత్రం చిక్కే అయింది. బానెట్టు లోపల ఇత్తడి రేకు మీద కంపెనీ పేరు, దాని కింద ఊరి పేరు ఉన్నాయి. వీధి లేదు. ఆ కంపెనీ ఇంకా ఉందో మూతబడిందో తెలియదు. ఇన్‌స్టిట్యూట్‌లో మా మాస్టారి సలహా అడిగి, కంపెనీ పేరు, ఊరు, ఇంగ్లండు అని కొట్టి, పెన్సిలు అచ్చు జతచేసి, పేట పెద్ద పోస్టాఫీసులో విమానం స్టాంపులు అంటించి వేశాను. గుమాస్తా కవరును అటూ ఇటూ తిప్పి, "చేరుద్దంటావా అమ్మా?" అన్నాడు.

పత్తి తీతలు అయిపోయాయి. మిరప కోతలు మొదలై కల్లాలన్నీ ఎర్రబారాయి. మేం ఆ సంగతి దాదాపు మర్చిపోయాక పోస్టుమాన్ సన్నటి నీలం కవరు తెచ్చాడు. ఆ కంపెనీ మరో కంపెనీలో కలిసిపోయిందనీ, పాత కార్డులన్నీ ఒకచోట భద్రంగా ఉన్నాయనీ, వాటిని రిటైరయిన ఉద్యోగి ఒకాయన చూసుకుంటున్నారనీ, మా ఉత్తరం ఆయనకు పంపామనీ అందులో ఉంది. నాన్న దాన్ని నాచేత మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాడు. సముద్రం అవతల ఎవరో మన బండి కార్డు వెతుకుతున్నారన్న ఊహకే ఆయన మొహం వెలిగిపోయింది.

ఎండలు ముదిరాక రెండో కవరు వచ్చింది. అది మందంగా ఉంది. నాన్న అరుగు మీద కూచుని, మేస్త్రి బాబాయ్‌కి కబురు పంపి, ఆయన వచ్చేదాకా విప్పనివ్వలేదు. నాయనమ్మ గడప దగ్గర పీట వేసుకుంది.

విప్పితే ఒక చిన్న ఉత్తరం, కార్డుకు తీసిన జిరాక్సు. కార్డు అచ్చుగళ్ళలో సిరాతో నింపి ఉంది. గళ్ళు దాటి ఒరిగిన అక్షరాలు. ఒక్కో గడి పక్కన ఎవరో పరీక్షించి పెట్టిన పొట్టి సంతకాలు. నేను ఒక్కో గడీ చదివి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. చాసిస్ నంబరు మా పెన్సిలు అచ్చుతో అంకెకు అంకె సరిపోయింది.

"మిలిటరీదా?" అన్నాడు నాన్న ఆగలేక.

"కాదు నాన్నా. కొత్త బండే. యుద్ధం అయిపోయాక చేశారు. ఫ్యాక్టరీ నుంచి రేవుకు, రేవు నుంచి ఓడలో నేరుగా మద్రాసుకు పంపారు."

నాన్న తొడ చరిచాడు. నేను తర్వాతి గళ్ళు చదివాను. రంగు: అడుగు పూత మాత్రమే, బూడిద రంగు. బాడీ: లేదు. కాబిన్: లేదు. వట్టి చాసిస్‌గా పంపడమైనది.

అందరం నాయనమ్మ వైపు చూశాం.

"నేను చెబితే మతి పోయిందన్నారు. దొరల దేశం నుంచి కాగితం రావాల్సి వచ్చింది," అంది నాయనమ్మ. అలిగినట్టు మొహం పెట్టింది గానీ ఆమె సంతోషం దాచుకోలేకపోయింది. మద్రాసు నుంచి ఆ వట్టి చాసిస్ ఎలా వచ్చిందో, డ్రైవరు తలకు తువ్వాలు చుట్టుకుని ఒళ్ళంతా దుమ్ముతో దెయ్యంలా ఎలా దిగాడో, కాబిన్‌ను మేస్త్రి వాళ్ళ నాన్న వడ్రంగులను పెట్టి తన షెడ్డులోనే ఎలా చేయించాడో వరసగా చెప్పుకొచ్చింది. మేస్త్రి బాబాయ్ లేచి వెళ్ళి కాబిన్ చెక్క మీద చెయ్యేసి కాసేపు నిలబడ్డాడు. వాళ్ళ నాన్న చేయించిందని ఆయనకూ అప్పటిదాకా తెలియదు.

కార్డులో ఒక గడి మిగిలింది. ఇంజను. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, దాని నంబరు. పక్కనే వేరే చేతిరాతతో, ఎండదేశాలకు తగినట్టు పెద్ద ఫ్యాను, పెద్ద నీళ్ళపంపు బిగించామని రాసి ఉంది. ఆ మాట చెప్పగానే మేస్త్రి బాబాయ్ వెనక్కి వచ్చాడు.

"పెద్ద ఫ్యానా? అన్నా, ఇట్టాంటిది నేను చూశా. క్రోసూరు దగ్గర ఒక కారం మిల్లులో. లారీ ఇంజనే, కిరసనాయిలుతో తిప్పుతున్నాడు. కార్బురేటరు పాడయితే పోయినేడు నన్ను పిలిపించారు. అంత ఫ్యాను ఇంకే ఇంజనుకూ చూడలా."

"మన ఇంజను పాత ఇనుములో కరిగిపోయుంటది," అన్నాడు నాన్న. అయినా, "మిల్లు ఎవరిది?" అని అడిగాడు.

"ఎవరో ముసలాయన. కుంటుకుంటా నడుస్తాడు. లారీల గురించి చానా మాట్లాడతాడు."

నాన్న మొహం మారిపోయింది. నాయనమ్మ పీట తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

ఆ వారంలోనే నాన్న, మేస్త్రి బాబాయ్, నేను క్రోసూరుకు బయల్దేరాం. పెన్సిలు, కాగితం, కార్డు నా సంచిలో ఉన్నాయి. ముప్పాళ్ళలో బస్సు ఆగినప్పుడు బాబాయ్ టీ తాగడానికి దిగాడు. అప్పుడు నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ, నేనడక్కుండానే మొదలుపెట్టాడు.

ఆ లారీని మద్రాసు నుంచి తోలుకొచ్చిన డ్రైవరే నాన్నకు బండి నేర్పాడట. నాన్న ఆయన్ను మామా అని పిలిచేవాడట. బడి లేని రోజున మాచర్ల దాకా ఆయన పక్కనే కూచుని వెళ్ళేవాడట. తర్వాత నాన్నను గుంటూరు హాస్టల్లో వేశారు. సెలవులకు ఇంటికొస్తే డ్రైవరు లేడు. నాపరాళ్ళు దించుతుంటే జారి ఆయన పాదం మీద పడ్డాయని ఊళ్ళో చెప్పారు. మామ ఏడని తాతనడిగితే "మానేశాడు" అని ఊరుకున్నాడు.

"కాలు పోయినోణ్ణి పనిలోంచి తీసేసి, మానేశాడంటాడా అనిపించింది," అన్నాడు నాన్న. "అప్పటి సంది మా నాయనతో నాకు మాటలు తగ్గినయ్. తర్వాత పూర్తిగా పోయినయ్. ఆయన మంచాన పడ్డప్పుడు కూడా అన్నం తిన్నావా, మందేసుకున్నావా, అంతే."

బాబాయ్ మాకు టీ గ్లాసులు అందించాడు.

క్రోసూరు ఇంకా రాకముందే రోడ్డు పక్కన ఉంది మిల్లు. తాటాకు పందిరి, దాని కింద కారం పట్టే యంత్రం, అవతల మట్టిగోడకు ఆనించి ఇంజను. ఇంజను నుంచి పొడవాటి బెల్టు తిరుగుతోంది. గోడలు, తూకం, కూచునే బల్ల, అన్నీ ఎర్రగా ఉన్నాయి. పందిరి దగ్గరికి రాకముందే నాకు తుమ్ములు పట్టుకున్నాయి. ముక్కుకు గుడ్డ కట్టుకున్న ముసలాయన కుంటుకుంటూ వచ్చి, "కాయలు తొడిమ తీసినవేనా?" అని అడిగాడు.

"మామా," అన్నాడు నాన్న.

ఆయన గుడ్డ కిందికి లాగి చూశాడు. కారం పొడికి కళ్ళు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. "చిన్నయ్యా!" అన్నాడు. ముందుకు అడుగు వేయబోయి ఆగి, వెనక్కి తిరిగి ఇంజను ఆపేశాడు. చప్పుడు ఆగిపోయింది. ముందుగా నాన్నే, "ఈ ఇంజను నంబరు చూడాలి మామా, చూడనిస్తావా?" అన్నాడు. అన్నేళ్ళ తర్వాత కలిసిన మనిషితో అనాల్సిన మాట అదేనా అని నాకు నవ్వొచ్చింది.

"నంబరెందుకయ్యా? నీ బండిదే," అన్నాడాయన.

అయినా చూశాం. బాబాయ్ తుడిచాడు, నేను వేడి చల్లారని ఇనుము మీద కాగితం అదిమి పెన్సిలు రుద్దాను. కార్డు పక్కన పెట్టి నాన్న వేలు పెట్టుకుని ఒక్కో అంకే చూశాడు. ఇంగ్లండు ఫ్యాక్టరీలో ఎవరో సిరాతో రాసిన నంబరు క్రోసూరు కారం మిల్లులో ఎర్రటి దుమ్ము కింద దొరికింది.

"నీకెట్టా వచ్చింది మామా ఇది? మా నాయన నిన్ను వెళ్ళగొట్టాడు గదా," అన్నాడు నాన్న.

ముసలాయన బల్ల మీద కూచున్నాడు. నిదానంగా, ఎవరినీ తప్పుపట్టకుండా చెప్పాడు. గుంటూరు ఆసుపత్రిలో ఎడమ పాదం సగం తీసేశారు. క్లచ్చు తొక్కలేడు. ఇంటికొచ్చి కూచుంటే ఇల్లు గడవదు. అదే సమయంలో తాత డీజిలు ఇంజను తెప్పించి, పెట్రోలు ఇంజను దించి పక్కన పెట్టాడని విన్నాడు. దాన్ని వినుకొండలో ఎవరో కొనుక్కుంటామన్నారని కూడా విన్నాడు. బండి కట్టించుకుని మా ఇంటికొచ్చి అరుగు మీద కూచున్నాడు.

"ఆ ఇంజను నాకియ్యి, మిల్లు పెట్టుకుంటానని అడిగా. మీ నాయన ఇయ్యనన్నాడు. బేరం అయిపోయిందన్నాడు. నేను లేవనన్నా. అట్టాగే కూచున్నా."

"మరి?"

"మీ అమ్మ ఇప్పిచ్చింది." ఆయన మొదటిసారి నవ్వాడు. "పొద్దున ముందు నాకు అన్నం తెచ్చి పెట్టింది. మీ నాయన కంచం ముందు కూచుని అరుస్తన్నాడు. అరుగు మీద మనిషి పని చూసినాకే నీకు వడ్డిచ్చేది అనింది. రాత్రికీ అట్టాగే అనింది. ఆయన అరిచాడు, తిట్టాడు, చేనికి పోయి కూచున్నాడు. ఆకలికి ఆగలేక మళ్ళీ వచ్చాడు. వచ్చి, తీసుకుపోరా నీయబ్బా, అన్నాడు."

మేస్త్రి బాబాయ్ పగలబడి నవ్వాడు. నాన్న నవ్వలేదు.

"ఇయ్యడం ఇయ్యడంతోనే ఆయనకు మనసు మారిందయ్యా. ఆ మాట కూడా చెప్పాల. తనే బండెక్కి ఈడికొచ్చాడు. దిమ్మె కట్టించాడు. ఇంజను బిగించిందాకా ఇదిగో ఈ గోడ నీడనే పండుకున్నాడు. మొదటి కారం పట్టినప్పుడు చేత్తో తీసి నాలిక మీద ఏసుకున్నాడు. ఆ తర్వాత కూడా ఏడాదికొకసారి వచ్చి పోయేవాడు. నీకు చెప్పలేదా?"

"నేనడగలా," అన్నాడు నాన్న.

అంత చిన్న గొంతుతో మాట్లాడడం నేను ఆయన దగ్గర ఎప్పుడూ వినలేదు. లేచి వెళ్ళి ఇంజను దిమ్మె మీద చెయ్యి పెట్టుకుని, మాకు వీపు చూపిస్తూ నిలబడ్డాడు. ముసలాయన భార్య మజ్జిగ తెచ్చింది. నేనూ బాబాయ్ తాగాం. నాన్న గ్లాసు చాలాసేపు అట్లాగే ఉంది.

ఇంటికి రాగానే నాన్న నాయనమ్మ మంచం పక్కన కూచున్నాడు.

"ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఏం చెప్పాల? పెళ్ళాం అన్నం పెట్టకపోతే లొంగిపోయాడని ఊరంతా నవ్వుతారని మీ నాయన నాచేత ఒట్టేయించుకున్నాడు. చానా అభిమానం గల మనిషి. నువ్వూ అంతే. ఇద్దరూ మూతులు ముడుచుకుని కూచుంటే నడిమధ్యన నేనేం చేసేది?"

"ఆయన పోయినాకన్నా చెప్పాల్సింది."

"పోయినోడి మీద ఒట్టు ఎట్టా తీసేదిరా?" అంది నాయనమ్మ. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాన్న ఆమె పాదాల దగ్గర చెయ్యి పెట్టి కూచున్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

కారు పాడైన పెద్దమనిషి తర్వాత ఒకసారి కావాలనే వచ్చాడు. కార్డు చూసి తన మాట వెనక్కి తీసుకున్నాడు. అసలు ఇంజను దొరికిందని తెలిసి ఉత్సాహంతో ఊగిపోయాడు. రెండూ కలిపి తనకిస్తే బండిని మద్రాసులో దిగిన నాటిలా చేయిస్తానన్నాడు. నాన్న ఆయనకు మర్యాదగా కాఫీ ఇప్పించి, "ఆ ఇంజను పనిలో ఉందండీ" అన్నాడు.

ఆ ఏడు తొలకరి పడకముందు మేస్త్రి బాబాయ్ లారీకి బ్రేకులు, టైర్లు సరిచేశాడు. పర్మిట్టుల గొడవ లేకుండా తెల్లవారుజామునే బయల్దేరి, నాన్న దాన్ని క్రోసూరుకు తోలుకెళ్ళాడు. నేను పక్కన, బాబాయ్ వెనక తొట్టిలో. దారి పొడుగునా మనుషులు ఆగి చూశారు. సత్తెనపల్లిలో ఒక బస్సు డ్రైవరు హారను కొట్టి చెయ్యెత్తాడు.

ముసలాయన మిల్లు ముందు నిలబడి ఉన్నాడు. బండి చుట్టూ తిరిగాడు. తొట్టి మేకులు తడిమాడు. టైరును తన్నాడు. డీజిలు చప్పుడు విని మొహం చిట్లించాడు.

"ఎక్కు మామా," అన్నాడు నాన్న.

"క్లచ్చు ఎవడు తొక్కుతాడయ్యా?"

"నేను తొక్కుతా. నువ్వు గేరెయ్యి."

నేను దిగి వెనక్కెళ్ళాను. ఆయన్ను స్టీరింగు ముందు ఎక్కించారు. నాన్న పక్కనే ఒదిగి కూచుని కుడి కాలు చాపి క్లచ్చు మీద పెట్టాడు. ముసలాయన "తొక్కు" అంటే తొక్కేవాడు, "వదులు" అంటే వదిలేవాడు. మొదట్లో బండి రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది. లోపల్నించి తిట్లు వినపడ్డాయి. "నిదానంగా వదలమంటే ఏంది నువ్వు చేసేది? నేర్పింది మొత్తం మర్చిపొయ్యావా!" అని ఆయన అరుస్తున్నాడు. నా తండ్రి మీద అలా అరిచేవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు. తర్వాత బండి కుదురుకుంది. కాలవ కట్ట మీదుగా మెల్లగా సాగింది. పొలాల్లో విత్తనానికి దున్నుతున్నవాళ్ళు అరకలు ఆపి చూస్తున్నారు. కాబిన్ వెనక చిన్న కిటికీలోంచి నాకు ఆ ఇద్దరి తలలూ కనిపిస్తున్నాయి. ఇద్దరూ గట్టిగా ఏదో మాట్లాడుకుంటూ నవ్వుతున్నారు. తొట్టిలో గాలికి నా జడ ఊడిపోయింది.

మిల్లు ముందు బండి దిగి, ఇంజను పక్కన ముసలాయన్ను, నాన్నను, బాబాయ్‌ను నిలబెట్టి, క్రోసూరు నుంచి పిలిపించిన ఫోటోగ్రాఫరుతో ఫోటో తీయించాం. దాన్ని ఇంగ్లండుకు పంపాను. కార్డులు చూసే పెద్దాయన జవాబు రాశాడు. ఎందరో తమ బండి గురించి అడుగుతారట, ఇంజను ఏ పనిలో ఉందో చెప్పినవాళ్ళం మేమేనట. మసాలా పొడి పట్టడానికి అంత పెద్ద ఫ్యాను అవసరమా అని కూడా అడిగాడు. పల్నాడు ఎండల గురించి ఆయనకు ఒక పేజీ నిండా టైపు చేసి పంపాను. పరీక్షకు ఎంత సాధన చేసినా రాని వేగం ఆ ఉత్తరానికి వచ్చింది.

కొన్నాళ్ళకు నాకు గురజాలలో ఒక ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం వచ్చింది. సెలవులకు వచ్చినప్పుడల్లా నాన్న క్రోసూరు కబుర్లే చెప్పేవాడు. మా ఇంటి మిరపకాయలు కారం పట్టించడానికి అంత దూరం తీసుకెళ్ళేవాడు. పేటలోనే మిల్లులున్నాయి కదా అంటే, అక్కడి పొడి మెత్తగా రాదనేవాడు. తాత గురించి కూడా మాట్లాడడం మొదలుపెట్టాడు. తాత ఎంత మొండివాడో, ఎంత తిండిపోతో, వానకు ముందు మోకాళ్ళు పట్టుకుని ఎలా మూలిగేవాడో చెప్పి నవ్వేవాడు. నాయనమ్మ ఆ మాటలకు అడ్డం వచ్చి, "అంత తిండిపోతేం కాదు" అనేది.

మిల్లుకు కరెంటు మోటారు వచ్చాక కూడా ముసలాయన ఆ ఇంజనును దిమ్మె మీదనుంచి దించలేదు. కరెంటు పోయిన పూట దానితోనే పట్టేవాడు. మా ఊళ్ళలో ఆ రోజుల్లో కరెంటు పోని పూట ఉండేది కాదు. వేసవి మధ్యాహ్నాల్లో, ఊరంతా ఫ్యాన్లు ఆగిపోయి విసనకర్రలు అందుకుంటున్నప్పుడు, క్రోసూరు రోడ్డు మీద ఆ మిల్లు ఒక్కటే నడుస్తూ ఉండేదట. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు తొడిమలు తీసిన కాయల బుట్టలు దించుకుని, కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని, వరసలో నిలబడేవాళ్ళట.